హిల్ కంట్రీ దుప్పికి మాగ్నమ్ ఎందుకు?

అక్టోబరు వచ్చిందంటే నాకు ఫోన్లు మొదలవుతాయి. "అన్నా, ఈసారి నలుగురం కలిసి జింకల వేటకి లీజు తీసుకున్నాం, ఏ రైఫిల్ కొనమంటావ్?" అని అడుగుతారు. నేను నోరు తెరిచేలోపే వాళ్లే చెప్పేస్తారు: ".300 విన్ మాగ్ చూసి పెట్టా, సేల్‌లో ఉంది." అది మాగ్నమ్, అంటే మందు ఎక్కువ పట్టి, పేలినప్పుడు భుజాన్ని గట్టిగా తన్నే తూటా. వాళ్లకి కావాల్సింది సలహా కాదు, ఆశీర్వాదం. నేను ఇవ్వను. ఎందుకివ్వనో ఫోన్లో చెబితే తెమిలేది కాదు కాబట్టి తీరిగ్గా ఇక్కడ రాస్తున్నా.

ముందే సూటిగా చెప్పేస్తా. టెక్సస్‌లో ఆస్టిన్‌కి పడమటగా ఉన్న హిల్ కంట్రీలో, అంటే లానో, మేసన్, ఫ్రెడరిక్స్‌బర్గ్, కర్‌విల్, జంక్షన్ చుట్టుపక్కల, జింకల వేటకి .308 విన్‌చెస్టర్ కుటుంబంలోని తూటా ఏదైనా సరిపోతుంది. అందులో నా ఓటు 7ఎంఎం-08 రెమింగ్టన్‌కి. దానికి మించింది పట్టుకెళితే జింకకి తేడా తెలియదు, మీ భుజానికి తెలుస్తుంది, గురికి ఇంకా బాగా తెలుస్తుంది.

ఊరిని బట్టి తుపాకీ ఉండాలి, యూట్యూబ్‌ని బట్టి కాదు. ఆ వీడియోల్లో సగం మంది వయోమింగ్‌లోనో మోంటానాలోనో ఒక లోయకి ఇవతల పడుకుని అవతలి గట్టు మీదున్న ఎల్క్ అనే భారీ జింకని కొడుతుంటారు. మన దగ్గర అంత చూపు ఆనేది ఎక్కడ? సున్నపురాయి గుట్టలు, వాటి మీద లైవ్ ఓక్ చెట్లు, మధ్యమధ్యలో ఇక్కడివాళ్లు సీడర్ అని పిలిచే జూనిపర్ పొదలు. టెక్సస్‌లో భూమి 95 శాతానికి పైగా ప్రైవేటుది. అందుకే ఇక్కడ వేటంటే రాంచ్ యజమాని దగ్గర లీజు తీసుకోవడం, బ్లైండ్ అనే చిన్న డబ్బా గదిలో కూర్చోవడం, ఎదురుగా ఫీడర్ టైమర్ తిరిగి మక్కలు చల్లే దాకా కాచుకోవడం. ఆ ఫీడర్ ఎంత దూరంలో పెడతారు? సాధారణంగా వంద గజాలు, అటూ ఇటూ. పెద్ద సెండెరో, అంటే పొదల మధ్య కొట్టిన పొడవాటి దారి, ఉన్నచోట రెండొందల గజాలు వస్తుంది. అంతకుమించిన షాట్ కావాలంటే వెతుక్కుంటూ పోవాలి.

ఇక జింక సైజు. ఇక్కడి మామూలు జింక వైట్‌టెయిల్. హిల్ కంట్రీలో అది చిన్న జంతువు. రాతి నేల, మేత తక్కువ, జింకలు ఎక్కువ, దాంతో ఒళ్లు చేయదు. ఆడజింక చాలాసార్లు వంద పౌండ్లు కూడా తూగదు. కాన్సాస్ నుంచో విస్కాన్సిన్ నుంచో వచ్చినవాళ్లు దీన్ని చూసి పిల్ల అనుకుంటారు. ఆ పిల్లల్లాంటి వాటి మీదికి మనవాళ్లు ఎల్క్ తుపాకీలు మోసుకెళ్తారు.

కానీ ఇక్కడ వైట్‌టెయిల్ ఒక్కటే లేదు. అసలు నాకు ఈ ప్రాంతం మీద మోజు పుట్టించింది వేరే జింక. మా ఊరు ఆత్మకూరు వైపు. శ్రీశైలం ఘాట్‌లో బస్సు మలుపు తిరిగితే రోడ్డు పక్కన చుక్కల దుప్పుల మంద తలెత్తి చూసేది. టెక్సస్ వచ్చాక జంక్షన్ దగ్గర అదే మంద, అదే చుక్కలు, అదే తలెత్తడం. ఆడదుప్పి ప్రమాదం పసిగట్టి అరిచే అరుపు కూడా అదే. ఇక్కడ దాన్ని యాక్సిస్ అంటారు. 1932లో తెచ్చి వదిలారు, కంచెలు దాటి అడవిపాలై గుట్టలన్నీ నిండిపోయింది. కృష్ణజింక కూడా ఇంచుమించు అదే రోజుల్లో వచ్చింది. దక్షిణాన కింగ్ రాంచ్ వైపు మనుబోతులు మందలు మందలుగా ఉన్నాయి.

ఇదెంత విచిత్రమో చూడండి. కృష్ణజింక ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువు, చుక్కల జింక తెలంగాణ రాష్ట్ర జంతువు. అక్కడ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద వాటి మీద చెయ్యేస్తే జైలు, జరిమానా కూడా. ఇక్కడ ఆ రెండూ "ఎక్సోటిక్స్". ప్రైవేటు భూమిలో యజమాని అనుమతి, చేతిలో వేట లైసెన్స్ ఉంటే సీజన్ లేదు, ఇన్నే కొట్టాలన్న లెక్క లేదు. వైట్‌టెయిల్‌కైతే నవంబరు మొదటి శనివారం దాకా ఆగాలి. దుప్పికి జూన్ అయినా జనవరి అయినా ఒకటే. మగదుప్పుల కొమ్ములు రాలి మొలిచే కాలం కూడా అన్నిటికీ ఒకటి కాదు, ఏ నెలలో చూసినా మందలో ఒకదానికి గట్టిపడిన కొమ్ములు ఉంటాయి.

"మన దేవుడి దగ్గర కూర్చునే జింకని చంపుతావా?" అని మా పెద్దమ్మ ఫోన్లో అడిగింది. నల్లమలలో దాన్ని తినడానికి పులి ఉంది పెద్దమ్మా, ఇక్కడ లేదు అన్నాను. 2021 ఫిబ్రవరిలో మంచు తుపాను వచ్చినప్పుడు వేలం పాటలో కొన్నవీ అడవిలో పుట్టినవీ తేడా లేకుండా గుట్టల మీద దుప్పులు, కృష్ణజింకలు గడ్డకట్టి చచ్చాయి. మిగిలినవి మళ్లీ మందలయ్యాయి. వైట్‌టెయిల్ మేతని తినేస్తాయి, రైతు పచ్చికని తినేస్తాయి. నాకు ఆ విషయంలో మనసు పీకడం లేదు. పీకేది ఒక్కటే: దెబ్బ తిని దొరక్కుండా సీడర్ పొదల్లోకి పోయి రాత్రంతా విలవిల్లాడి చచ్చే జింక. తుపాకీ గురించి ఈ వాదనంతా దానికోసమే.

జింక అలా పోవడానికి కారణం తూటా చిన్నదవడం అరుదు. తూటా తప్పు చోట తగలడమే చాలాసార్లు కారణం. తప్పు చోట ఎందుకు తగులుతుంది? కొట్టేవాడు ట్రిగ్గర్ నొక్కే ముందు ఉలిక్కిపడతాడు కాబట్టి.

నాతో పనిచేసే ఒకాయన కొత్త .300 విన్ మాగ్ తెచ్చాడు. మనిషి ఆరడుగులు, జిమ్ములో నాకు రెట్టింపు బరువెత్తుతాడు. టార్గెట్ మీద మాత్రం చిల్లులు ఒక పళ్లెమంత వెడల్పున చెల్లాచెదురుగా ఉన్నాయి. స్కోపు తప్పంటాడు. "నేను నింపిస్తా ఉండు" అని మ్యాగజైన్ తీసుకుని అసలు తూటాల మధ్యలో ఒక డమ్మీ తూటా పెట్టి ఇచ్చాను. ఎక్కడ పెట్టానో చెప్పలేదు. మొదటిది పేలింది. తర్వాత బోల్ట్ తోసి, ఊపిరి బిగబట్టి, నొక్కాడు. "టిక్" అంది. పేలలేదు, అయినా బారెల్ మూతి జానెడు కిందికి దూకింది, కళ్లు గట్టిగా మూతలు పడ్డాయి, భుజం ముందుకు తోసుకొచ్చింది. తుపాకీ దానంతట అది కదల్లేదు, మనిషే కదిలించాడు. నా వైపు తిరిగి, "ఇది నేనేనా బావా?" అన్నాడు. నా రైఫిల్ ఇచ్చాను. అదే దూరం, అదే బల్ల, మూడు చిల్లులూ అరచేతిలో పట్టాయి.

అదేం మాయ కాదు. ఒకే బరువున్న రైఫిల్లో పెట్టి చూస్తే .300 విన్ మాగ్ తన్ను 7ఎంఎం-08 తన్నుకి ఇంచుమించు రెట్టింపు. పైగా శబ్దం. బారెల్ మూతికి మజిల్ బ్రేక్ అనే చిల్లుల గొట్టం పెడితే తన్ను తగ్గుతుంది నిజమే, కానీ ఆ డబ్బా గదిలో బ్రేక్ ఉన్న మాగ్నమ్ పేలిస్తే చెవుల్లో రెండ్రోజులు గంటలు మోగుతాయి. పక్కన మీ అబ్బాయి కూర్చుని ఉంటే వాడు మళ్లీ వేటకి రాడు.

తూటాల వంశం కొంచెం చెప్పాలి, ఇది నాకిష్టమైన భాగం. 1952లో విన్‌చెస్టర్ .308 తెచ్చింది. సైన్యం వాడే 7.62 నాటోకి అది అన్నదమ్ముల వరస. 1955లో అదే గొట్టం, అంటే మందు నింపే ఇత్తడి డొల్ల, మెడ సన్నం చేసి .243 చేశారు. 1980లో రెమింగ్టన్ అదే గొట్టానికి 7 మిల్లీమీటర్ల బుల్లెట్ బిగించి 7ఎంఎం-08 అని పేరు పెట్టింది. మూడింటికీ గొట్టం ఒకటే, మూతే వేరు. .308లో 150 గ్రెయిన్ల బరువున్న బుల్లెట్ సెకనుకి 2,800 అడుగుల పైచిలుకు పోతుంది. 7ఎంఎం-08లో 140 గ్రెయిన్లది దాదాపు అదే వేగం అందుకుంటుంది. కాకపోతే అది సన్నగా, ఆ బరువుకి పొడవుగా ఉంటుంది, గాలిని బాగా కోస్తుంది, భుజం మీద ఇంకాస్త మెత్తగా పడుతుంది. రెండొందల గజాలకి జీరో చేస్తే, అంటే ఆ దూరంలో సరిగ్గా గురి మీదే తగిలేలా స్కోపు సర్దితే, వంద దగ్గర సుమారు రెండంగుళాలు పైన, రెండొందల యాభై దగ్గర మూడూ మూడున్నర అంగుళాలు కింద. అంటే మన గుట్టల్లో ఏ దూరంలో జింక కనబడినా గుండె మీద పెట్టి నొక్కడమే, స్కోపు మీద గుబ్బలు తిప్పే పనిలేదు.

"వైట్‌టెయిల్ సరే, దుప్పి మొండిది కదా?" అంటారు. ఈ మాటలో కొంత నిజముంది. మగదుప్పి ఇక్కడి వైట్‌టెయిల్ కంటే పెద్దది, రెండొందల పౌండ్లు దాటినవి తగులుతాయి. తోలు మందం, ప్రాణం గట్టి. కానీ దానికి మందు మాగ్నమ్ కాదు, బుల్లెట్ రకం. నేను వాడేది బార్న్స్ వాళ్ల 120 గ్రెయిన్ల రాగి బుల్లెట్. పోయిన వసంతంలో ఒక సాయంత్రం, లైవ్ ఓక్ నీడ అంచున మగదుప్పి అడ్డంగా నిలబడింది, నూటనలభై గజాలు ఉంటుందేమో. ముందుకాలు వెనకగా, ఒళ్లు మూడో వంతు పైకి, అక్కడ పెట్టి నొక్కాను. తడిబట్ట బండకేసి కొట్టినట్టు చప్పుడొచ్చింది. దుప్పి ఎగిరి సీడర్లలోకి దూరింది. వెంటనే పరిగెత్తకూడదు. కాసేపు ఆగి, అది నిలబడ్డ చోటికి వెళ్లి వంగి చూశాను. తెల్లటి రాయి మీద లేత గులాబీ రంగు నెత్తురు, అందులో సన్నటి నురగ. అది ఊపిరితిత్తుల నెత్తురు, జింక దగ్గర్లోనే ఉన్నట్టు. ముదురు ఎరుపుంటే కాలేయం, ఇంకా ఆగాలి. పచ్చగా, వాసనగా ఉంటే పేగులు, అప్పుడు గంటల తరబడి ఆగి, కుక్క ఉన్నవాళ్లని పిలవాలి. నాది యాభై అడుగులేసేసరికి పొద కింద పడి ఉంది. కోసి చూస్తే బుల్లెట్ రెండు ఊపిరితిత్తుల్నీ దాటి, అవతలి పక్కటెముక విరిచి, తోలు చీల్చుకుని బయటికి పోయింది. అంతకంటే ఎక్కువ పని ఏ మాగ్నమూ చెయ్యదు.

రాగి ఎందుకంటే ఇంకో కారణం ఉంది, నాకు అదే పెద్దది. సీసం బుల్లెట్ ఎముక తగిలితే పొడిపొడి అవుతుంది, ఆ పొడి గాయం చుట్టూ మాంసంలోకి మన కంటికి ఆననంత చిన్న ముక్కలుగా పాకుతుంది. 2008లో నార్త్ డకోటాలో పేదలకి దానంగా ఇచ్చిన జింక ఖీమాలో సీసం ముక్కలు బయటపడితే ఆరోగ్య శాఖ దాన్ని పంచొద్దని చెప్పింది. మనం ఆ మాంసం ఎవరికి పెడతాం? పిల్లలకే. దుప్పి మాంసంలో నీచు వాసన ఉండదు, కొవ్వు ఉండదు, మిరియాలు దంచి వేపుడు చేస్తే మా ఇంట్లో మటన్ అడగరు. అలాంటి మాంసం కోసం వెళ్తూ బుల్లెట్ దగ్గర డబ్బు మిగుల్చుకోవడం నాకు అర్థం కాదు. రాగి తూటాల పెట్టె ఖరీదెక్కువే, కానీ ఒక సీజన్లో జింక మీద పేల్చేవి ఎన్ని? ప్రాక్టీసుకి చవకరకం వాడుకోండి, సీజన్ ముందు రాగితో ఒకసారి జీరో సరిచూసుకోండి. రెండూ ఒకేచోట తగలవు, ఆ పని మర్చిపోవద్దు.

7ఎంఎం-08కి లోపం లేదనను. తూటాలు ప్రతి కొట్లో దొరకవు. చిన్న ఊళ్లో హార్డ్‌వేర్ షాపులో .308, .270, .30-06 ఉంటాయి, ఇది ఉండకపోవచ్చు. 2020, 21లో తూటాల కరువొచ్చినప్పుడు ముందు మాయమైనవాటిలో ఇదొకటి. ఆ టెన్షన్ వద్దనుకునేవాళ్లు .308 కొనుక్కోండి, ఏం తప్పులేదు, అన్న కాకపోతే తమ్ముడు. ఆడవాళ్లకి, పదేళ్ల పిల్లలకి అయితే .243 బాగుంటుంది, తన్ను చాలా తక్కువ. దాంతో దుప్పిని కొట్టొచ్చా? గురి నిలకడగా ఉంటే, రాగి బుల్లెట్ అయితే, అడ్డంగా నిలబడితే కొట్టొచ్చు. ఏటవాలుగా నిలబడితే వదిలేయమని చెబుతాను.

6.5 క్రీడ్‌మూర్ గురించి అడక్కండి అంటే అడుగుతారు. 2007లో హార్నడీ తెచ్చిన తూటా, టార్గెట్ పందేల కోసం పుట్టింది, ఇప్పుడు ప్రతి షెల్ఫ్‌లోనూ అదే. మంచి తూటా. వంద గజాల ఫీడర్ దగ్గర దాని గొప్పతనం ఒక్కటీ బయటపడదు, అంతే. ఎవరైనా దాన్ని కొంటే నేను అడ్డుచెప్పను. దాని మీద పాతిక రెట్లు పెంచే భారీ స్కోపు పెట్టి బ్లైండ్‌లో తెల్లవారుజామున జింకనే వెతుక్కోలేక తంటాలు పడుతుంటే మాత్రం నవ్వొస్తుంది.

.30-30 ప్రస్తావన లేకుండా టెక్సస్‌లో వేట గురించి రాస్తే ఇక్కడి తాతలు ఒప్పుకోరు. 1895 నాటి తూటా, లీవర్ రైఫిల్, ట్రక్కులో సీటు వెనక వేలాడుతూ ఉంటుంది. నూటయాభై గజాల లోపు ఇవాళ్టికీ దానికి వంక పెట్టలేం. స్కోపు లేకుండా పొదల్లో నడిచి వేటాడే సరదా ఉంటే మార్లిన్ 336 ఒకటి పట్టండి. ఇంకో సరదా కూడా ఉంది, ఇది మనవాళ్లకి మాత్రమే అర్థమవుతుంది: ఇషాపూర్ ఫ్యాక్టరీలో 1960ల్లో మన సైన్యం కోసం చేసిన 2ఏ1 రైఫిళ్లు కొన్ని సర్‌ప్లస్‌గా అమెరికా చేరాయి, గన్ షోల్లో అప్పుడప్పుడు కనబడతాయి. ఎన్‌సీసీలో .22 పట్టుకుని బోర్లా పడుకున్న ఎవరికైనా ఆ కట్టె స్టాక్, ఇషాపూర్ ముద్ర చూస్తే చెయ్యి దురద పెడుతుంది. గోడకి పెట్టుకోండి, రేంజ్‌లో సరదాగా పేల్చండి. వేటకి బరువు.

నా దగ్గరున్నది టిక్కా టీ3ఎక్స్ లైట్. ఫిన్లాండ్ తయారీ, ఆరు పౌండ్లకి అటూ ఇటూ, బోల్ట్ నూనె రాసిన పట్టాల మీద జారినట్టు జారుతుంది. గునిసేవాళ్లు ఒక మాట అంటారు, నిజమే: .308 కుటుంబానికి చిన్న యాక్షన్ (తూటాని లోపలికి ఎక్కించే భాగం) చాలు, టిక్కా మాత్రం అన్ని క్యాలిబర్లకీ ఒకటే పొడవు యాక్షన్ వాడుతుంది, కాబట్టి ఆ అంగుళం లాభం పోతుంది. నాకు ఆ అంగుళం ఎప్పుడూ అడ్డురాలేదు. అంత పెట్టలేమంటే రూగర్ అమెరికన్, సావేజ్ యాక్సిస్ ఉన్నాయి. ప్లాస్టిక్ స్టాక్ చూడ్డానికి బొమ్మ తుపాకీలా ఉంటుంది, గురి మాత్రం బొమ్మది కాదు. రైఫిల్ దగ్గర మిగిలిన డబ్బు స్కోపు మీద పెట్టండి. 3-9 లేదా 2-10 రెట్ల మామూలు స్కోపు, గ్లాస్ మంచిదైతే చాలు. సూర్యోదయానికి అరగంట ముందు, అస్తమయానికి అరగంట తర్వాత దాకా వైట్‌టెయిల్‌ని చట్టప్రకారం కొట్టొచ్చు. సరిగ్గా ఆ గుడ్డి వెలుగులోనే జింకలు బయటికొస్తాయి. మంచి గ్లాస్ పనికొచ్చేది అప్పుడే.

హెచ్1బీ మీద ఉన్నవాళ్లు ఇది మాత్రం రెండుసార్లు చదవండి. ఫెడరల్ చట్టం ప్రకారం గ్రీన్ కార్డు లేకుండా నాన్-ఇమిగ్రెంట్ వీసా మీదున్నవాళ్లు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోకూడదు. మినహాయింపుల్లో మనకి పనికొచ్చేది ఒకటి: అమెరికాలో ఏదో ఒక రాష్ట్రం ఇచ్చిన, గడువున్న వేట లైసెన్స్. టెక్సస్ వార్షిక లైసెన్స్ ఆగస్టు 31తో అయిపోతుంది. సీజన్ నవంబరులో కదా, అప్పుడు తీసుకుందాంలే అనుకుని సెప్టెంబరు, అక్టోబరు ఖాళీగా ఉంటే, ఆ రెండు నెలలు బీరువాలో ఉన్న రైఫిల్ మీ వీసాకే ముప్పు. నివాసికి పాతిక డాలర్ల పని, సెప్టెంబరు ఒకటి రాకముందే చేసుకోండి. 1971 సెప్టెంబరు 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లకి హంటర్ ఎడ్యుకేషన్ కూడా తప్పనిసరి. వీసా విషయంలో ఏ చిన్న అనుమానం ఉన్నా మీ ఇమిగ్రేషన్ లాయర్ని అడగండి, లీజు పార్ట్‌నర్ని కాదు.

మాగ్నమ్ అసలు దండగ అని నేననను. మనుబోతు మగది ఆరొందల పౌండ్ల దాకా పెరుగుతుంది. దక్షిణ టెక్సస్ మైదానంలో గాలి తోసుకొస్తుంటే దూరంగా దాని భుజం విరగ్గొట్టాలంటే .300 విన్ మాగ్ సరైన పనిముట్టు. 7ఎంఎం-08తో అక్కడికి నేను వెళ్లను. ఇప్పటికే .300 కొనేసినవాళ్లు దాన్ని అమ్మేయక్కర్లేదు. బారెల్ మూతికి సప్రెసర్ (శబ్దం తగ్గించే గొట్టం) పెట్టండి, శబ్దం, తన్ను రెండూ దిగుతాయి. దాని మీద ఫెడరల్ పన్ను 200 డాలర్లు 2026 జనవరి నుంచి సున్నా అయింది, కాగితాలు మాత్రం నింపాల్సిందే. తేలికపాటి బుల్లెట్లు వాడండి. వారానికోసారి .22తో కర్ర ఊతం మీద నిలబడి, కూర్చుని ప్రాక్టీసు చేయండి, బల్ల మీద పెట్టి కాదు. ఆ తర్వాత మీ రైఫిల్ మ్యాగజైన్లో నన్ను ఒక డమ్మీ పెట్టనివ్వండి. మూతి కదలకపోతే ఆ .300తోనే రండి, ఫీడర్ దగ్గర బ్లైండ్ మీకే ఇస్తాను.